రాస్‌ప్‌బెర్రీ పై 4లో పీఎస్ 1 గేములు: సౌండ్ చిటపటలు, నల్ల స్క్రీన్, సేవ్‌లు మాయం

పాతడిస్కులు:

నమస్తే అండి. రాస్‌ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు, 4 జీబీ) మీద పాత గేములు ఆడించే రెట్రోపై 4.8 ఇమేజ్ ఎక్కించాను. 32 జీబీ ఎస్‌డీ కార్డు, 55 అంగుళాల 4కే టీవీ, కరెంటుకి ఇంట్లో ఉన్న ఫోన్ ఫాస్ట్ చార్జర్. పీఎస్ 1 (మొదటి ప్లేస్టేషన్) గేములన్నీ ఒరిజినల్ డిస్కుల నుంచి ల్యాప్‌టాప్‌లో తీసుకున్నవే. సగం గల్ఫ్ నుంచి వచ్చిన యూరప్ డిస్కులు, సగం అమెరికావి. తీసేటప్పుడు కొన్ని ఐఎస్ఓ ఫైళ్లుగా, కొన్ని బిన్ (డిస్క్‌లోని డేటా), క్యూ (ట్రాక్‌ల పట్టిక) ఫైళ్ల జతగా వచ్చాయి. బయోస్ (ప్లేస్టేషన్ ఆన్ కాగానే నడిచే సిస్టమ్ ఫైల్) 5501 ఒక్కటే పెట్టాను. ఎమ్యులేటర్ (పాత మెషిన్‌ని అనుకరించే ప్రోగ్రామ్) దానంతటది ఎంచుకున్నదే, పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్.

ఇబ్బందులు ఇవి:

1. అన్ని గేముల్లోనూ సౌండ్ చిటపటమంటోంది, ఆట నెమ్మదిగా సాగుతోంది. పైన కుడి మూల పసుపు రంగు మెరుపు గుర్తు వచ్చి పోతోంది.
2. ఐఎస్ఓగా తీసిన రెండు గేములు ప్లేస్టేషన్ లోగో దాటాక నల్ల స్క్రీన్ దగ్గర ఆగిపోతున్నాయి. ఒక రేసింగ్ గేమ్ ఆడుతుంది కానీ మ్యూజిక్ లేదు, కారు శబ్దాలు మాత్రం వస్తున్నాయి.
3. యూరప్ డిస్కుల్లో స్క్రీన్ పక్కకి జరిగేటప్పుడు కుదుపులు.
4. గేములోని మెమరీ కార్డులో సేవ్ చేసినవి మర్నాటికి ఉండటం లేదు. ఆట అయ్యాక గోడ దగ్గర స్విచ్ ఆపేస్తాం.
5. రెండు, మూడు డిస్కులున్న గేములో డిస్క్ మార్చడం ఎలా?

ఎమ్యులేటర్ మార్చితే ఇవన్నీ పోతాయా?

---

ఓల్ట్‌మీటర్:

ఎమ్యులేటర్ని ఇప్పుడే కదపకండి. మీ మొదటి ఇబ్బందికి దానితో సంబంధం లేదు. అందులో రెండు కారణాలు కలిసి ఉన్నాయి, విడివిడిగా తేల్చాలి.

మెరుపు గుర్తు అంటే బోర్డుకి అందే ఓల్టేజ్ 4.63 కంటే కిందికి పడిందని. అలా పడగానే పై తన ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేసుకుంటుంది. ఫాస్ట్ చార్జర్ మీద 33 వాట్లు, 65 వాట్లు అని రాసి ఉంటుంది గానీ అది 9 ఓల్టులు, ఆపైన ఇచ్చినప్పటి మాట. పై 4 ఎక్కువ ఓల్టేజ్ అడగదు, 5 ఓల్టులే తీసుకుంటుంది. ఆ 5 దగ్గర చాలా ఫోన్ చార్జర్లు 2 ఆంపియర్లే ఇస్తాయి. చార్జర్ వీపు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. పై 4కి కావాల్సింది 5.1 ఓల్టులు, 3 ఆంపియర్లు. రాస్‌ప్‌బెర్రీ వాళ్ల అడాప్టర్‌లో వైరు దానికే అతికి ఉంటుంది కాబట్టి సన్న కేబుల్లో ఓల్టేజ్ పోయే గొడవ కూడా ఉండదు. 5.1 అని పెట్టింది కూడా వైరులో కొంత పోతుందనే.

కీబోర్డు తగిలించి ఎఫ్4 నొక్కితే టెర్మినల్‌కి వస్తారు. అక్కడ ఈ కమాండ్ ఇవ్వండి (తెలుగు లిపిలో రాస్తున్నా, మీరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి):

వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్

జవాబు ఒట్టి 0 అయితే అంతా బాగున్నట్టు. చివర 50005 అని ఉంటే ఈ క్షణంలో కూడా ఓల్టేజ్ తక్కువే, వేగం తగ్గించి నడుస్తోంది. 50000 అయితే ఇప్పుడు బాగానే ఉంది కానీ ఆన్ చేసినప్పటి నుంచి ఎప్పుడో పడింది. దీన్ని గేమ్ ఆడి బయటికొచ్చిన వెంటనే చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే మంచి జవాబే వస్తుంది. అదే చోట వీసీజెన్‌సీఎండీ మెజర్_టెంప్ కొడితే వేడి ఎంతో చెబుతుంది. 80 డిగ్రీలు దాటితే అప్పుడూ వేగం తగ్గుతుంది. మూసేసిన ప్లాస్టిక్ కేసులో మన ఎండాకాలం ఆ అంకె దూరమేం కాదు, హీట్‌సింక్‌తో పాటు చిన్న ఫ్యాన్ పెట్టుకోండి.

ఇంకో మాట. 2019లో మొదట వచ్చిన పై 4 బోర్డుల్లో యూఎస్‌బీ సీ పోర్టు దగ్గర ఒక రెసిస్టర్ తక్కువ పెట్టారు. ల్యాప్‌టాప్ చార్జర్లతో వచ్చే చిప్ ఉన్న మంచి కేబుళ్లు పెడితే ఆ బోర్డులు అసలు ఆన్ కావు. ఖరీదైన కేబుల్‌తో వెలగనిది నాసి కేబుల్‌తో వెలిగితే అదే సంగతి. తర్వాతి బోర్డుల్లో సరిచేశారు.

రెండో కారణం మీ 4కే టీవీ. ప్రత్యేకంగా చెప్పకపోతే పై 4, 4కే టీవీకి సెకనుకి 30 ఫ్రేములే పంపుతుంది. అమెరికా గేముకి దాదాపు 60 కావాలి. వీసింక్ (ఫ్రేముల్ని టీవీ వేగంతో కలిపి పంపడం) ఆన్‌లో ఉంటుంది కాబట్టి ఎమ్యులేటర్ ప్రతి ఫ్రేముకీ టీవీ కోసం ఎదురుచూస్తుంది, ఆట సగం వేగానికి దిగుతుంది, సౌండ్ బఫర్ ఖాళీ అయి చిటపటమంటుంది. పీఎస్ 1 బొమ్మ ఎక్కువ భాగం 320 బై 240. దానికి 4కే ఎందుకు? 1080పీ దగ్గర కట్టేయండి.

కార్డు తీసి కంప్యూటర్లో పెడితే బూట్ అని ఒక డ్రైవ్ కనిపిస్తుంది. అందులో కాన్ఫిగ్ టెక్స్ట్ ఫైల్ తెరిచి చివర ఈ రెండు వరసలు:

హెచ్‌డీఎంఐ_గ్రూప్=1
హెచ్‌డీఎంఐ_మోడ్=16

16 అంటే 1080పీ, 60 హెర్ట్జ్. హెచ్‌డీఎంఐ కేబుల్ కరెంటు పోర్టుకి దగ్గరగా ఉన్న సాకెట్‌లో ఉండాలి. ఈ వరసలు రెట్రోపై రెడీమేడ్ ఇమేజ్‌లో పనిచేస్తాయి. కొత్త రాస్‌ప్‌బెర్రీ ఓఎస్ మీద రెట్రోపైని విడిగా ఎక్కించుకున్న వాళ్లకి మాత్రం పనిచేయవు, అక్కడ సీఎండీలైన్ ఫైల్‌లో వీడియో మోడ్ ఇవ్వాలి.

ఈ రెండూ అయ్యాక కూడా చిటపటలుంటేనే రెట్రోఆర్చ్ (ఎమ్యులేటర్లని నడిపే ప్రోగ్రామ్, ఆట మధ్యలో సెలెక్ట్‌తో ఎక్స్ నొక్కితే వస్తుంది) మెనూలో సెట్టింగ్స్, ఆడియో, లేటెన్సీ 64 నుంచి 96 చేయండి. ముందే దాన్ని పెంచితే జబ్బు అలాగే ఉండి శబ్దం ఒక్కటే ఆలస్యమవుతుంది.

---

క్యూషీట్:

2వ ఇబ్బంది పూర్తిగా డిస్క్ తీసిన పద్ధతిది. లోగో వస్తోంది అంటే మీ బయోస్ చదువుతోంది, దాన్ని వదిలేయండి. (లోగో, మొదట్లో వచ్చే ఆ గంభీరమైన శబ్దం రెండూ లేకుండా నేరుగా గేములోకి వెళ్లిపోతే మాత్రం బయోస్ లోగో చూపే ఆప్షన్ ఆపి ఉండొచ్చు, లేదా పీసీఎస్ఎక్స్ మీ ఫైల్ దొరక్క తన సొంత నకిలీ బయోస్ వాడుతూ ఉండొచ్చు. ఫైల్ సరిగ్గా 5,24,288 బైట్లు ఉండాలి, పేరు అంతా చిన్నక్షరాల్లో ఉండాలి, రెట్రోపై ఫోల్డర్లోని బయోస్ ఫోల్డర్లోనే ఉండాలి. ఈ ఎమ్యులేటర్‌కి ఒక్కటి చాలు.)

ఐఎస్ఓ ఎందుకు పనికిరాదంటే: సీడీలో ఒక్కో సెక్టార్ 2352 బైట్లు. ఐఎస్ఓగా తీసే టూల్ అందులోంచి 2048 బైట్ల డేటాని మాత్రమే ఉంచుకుని మిగతాది పారేస్తుంది. మామూలు ఫైళ్లకి అది చాలు. కానీ పీఎస్ 1 వీడియోల్లోని శబ్దం, మాటలు, కొంత సంగీతం వేరే రకం సెక్టార్లలో ఉంటాయి, వాటిలో ఒక్కోదానిలో 2324 బైట్ల అసలు సరుకు ఉంటుంది. 2048 దగ్గర కోసేస్తే మొదటి వీడియో దగ్గరే గేమ్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మీ నల్ల స్క్రీన్ అదే. ఐఎస్ఓని తర్వాత బిన్‌గా మార్చినా పోయిన బైట్లు తిరిగి రావు, డిస్క్ మళ్లీ తీయాల్సిందే.

రేసింగ్ గేమ్ సంగతి వేరు. కొన్ని గేముల్లో మ్యూజిక్ మామూలు ఆడియో సీడీ పాటల్లాగే డిస్క్ మీద 2వ ట్రాక్ నుంచి ఉంటుంది. 1వ ట్రాక్ డేటా. మీరు బిన్ ఫైల్ని నేరుగా తెరిచినా, ఒక్క ట్రాకే తీసినా ఆట ఆడుతుంది, పాట రాదు. క్యూ ఫైల్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఇంగ్లీషులో ఇలాంటి వరసలుంటాయి:

ఫైల్ "రేస్.బిన్" బైనరీ
ట్రాక్ 01 మోడ్2/2352
ఇండెక్స్ 01 00:00:00
ట్రాక్ 02 ఆడియో
ఇండెక్స్ 00 ...
ఇండెక్స్ 01 ...

రెండు విషయాలు చూడండి. ఆడియో అన్న ట్రాక్‌లు అసలు ఉన్నాయా? కొటేషన్ల మధ్య ఉన్న పేరు మీ బిన్ ఫైల్ పేరుతో అక్షరం పొల్లు పోకుండా కలుస్తోందా? విండోస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే. పైలో ఉన్నది లైనక్స్, దానికి అవి రెండు వేరు ఫైళ్లు. అందంగా ఉండాలని బిన్ పేరు మార్చి క్యూ లోపల మార్చకపోవడం అందరిళ్లలోనూ జరిగేదే. ఒకే ట్రాక్ ఉన్న గేముకైతే క్యూ పోయినా ఇక్కడ రాసిన మొదటి మూడు వరసలు చేత్తో రాసుకుంటే చాలు. ఆడియో ట్రాక్‌లున్న వాటికి ఊహించి రాయలేం, ఎక్కడ మొదలవుతాయో డిస్కే చెప్పాలి.

విండోస్‌లో తీయడానికి ఇమ్‌గ్‌బర్న్ చాలు. డిస్క్ నుంచి ఇమేజ్ తీయమని చెబితే పీఎస్ 1 డిస్కుకి అదే బిన్, క్యూ రెండూ ఇస్తుంది. రీడ్ స్పీడ్ తగ్గించి పెట్టండి, గీతలున్న డిస్కులకి మరీను. లైనక్స్‌లో సీడీఆర్‌డీఏఓ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆడియో ట్రాక్‌ల్లో బైట్ల వరస తిరగబడి వస్తుంది. పాట బదులు టీవీలో సిగ్నల్ పోయినప్పటి హోరు వినిపిస్తే డిస్క్ పాడైందనుకోకండి. క్యూ తయారుచేసే టీఓసీటూక్యూ టూల్లో బైట్లు మార్చే ఆప్షన్ ఉంది.

అన్నీ సరిగ్గా ఆడుతున్నాయని తేలాక సీహెచ్‌డీగా (కుదించిన డిస్క్ ఫైల్) మార్చుకోండి, 32 జీబీ కార్డుకి అది అవసరం కూడా. మేమ్ (పాత ఆర్కేడ్ గేముల ఎమ్యులేటర్) వాళ్ల టూల్స్‌లో సీహెచ్‌డీమ్యాన్ అని ఉంటుంది. దానికి క్రియేట్‌సీడీ అని చెప్పి, ఇన్‌పుట్‌గా క్యూ ఫైల్ ఇవ్వాలి, బిన్ కాదు. గేముకి ఒకే ఫైల్ అవుతుంది, సైజు తగ్గుతుంది, ఒక్క బైటు కూడా పోదు, కావాలంటే మళ్లీ బిన్, క్యూగా విప్పుకోవచ్చు. తప్పుగా తీసినదాన్ని సీహెచ్‌డీ చేస్తే తప్పు కూడా భద్రంగా అందులోనే ఉంటుంది, అందుకే ముందు ఆడి చూడమంటున్నా.

యూరప్ డిస్కులున్నాయన్నారు కాబట్టి ఇది కూడా. వాటిలో కొన్నింటికి లిబ్‌క్రిప్ట్ అనే కాపీ రక్షణ ఉంది. డేటా పక్కన అదనంగా ఉండే సబ్‌చానల్‌లో కావాలని తప్పులు పెట్టి, ఆ తప్పులు ఉంటేనే అసలు డిస్క్ అని గేమ్ నమ్ముతుంది. బిన్, క్యూలో సబ్‌చానల్ రాదు. యూరప్ మెడీవిల్, యూరప్ ఫైనల్ ఫాంటసీ 9 ఈ రకమే. గేమ్ మొదలై ఎప్పుడూ ఒకే చోట ఆగిపోతుంటే ఇదేనని అనుమానించండి. ఆ డిస్కుకి చెందిన చిన్న ఎస్‌బీఐ ఫైల్ని అదే పేరుతో క్యూ లేదా సీహెచ్‌డీ పక్కన పెట్టాలి. డిస్కుల వివరాలు నమోదు చేసే రీడంప్ సైటులో ఆ డిస్క్ పేజీలోనే దొరుకుతుంది.

---

సీహెచ్‌50:

3కి జవాబు. యూరప్ గేములు పాల్ (అక్కడి టీవీ పద్ధతి), అంటే సెకనుకి 50 ఫ్రేములు. టీవీ 60 దగ్గర తిరుగుతుంటే ప్రతి 5 ఫ్రేముల్లో ఒకదాన్ని రెండుసార్లు చూపించాలి. సెకనుకి పదిసార్లు చిన్న తొట్రుపాటు. స్క్రీన్ పక్కకి సమంగా జరిగేటప్పుడు అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఎమ్యులేటర్‌లో రీజియన్‌ని ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) చేయమని చాలామంది చెబుతారు. కొన్ని గేములు బాగానే పోతాయి. కానీ పాల్ కోసం వేగం సరిచేసి కట్టిన గేమ్ అప్పుడు ఐదోవంతు ఎక్కువ వేగంతో పరిగెడుతుంది. టీవీనే 50కి దించడం నయం. ఇండియాలో టీవీ ప్రసారాలు మొదట్నుంచీ 50 హెర్ట్జే కాబట్టి ఇక్కడ అమ్మే టీవీలు 50 తీసుకుంటాయి.

అన్నీ యూరప్ గేములే అయితే పైన చెప్పిన 16 బదులు 31 పెట్టండి, అది 1080పీ, 50 హెర్ట్జ్. మీకు రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి 16 ఉంచి, గేమ్ మొదలయ్యే ముందు బూడిద రంగు పెట్టె వచ్చినప్పుడు ప్యాడ్‌లో ఏదో ఒక బటన్ నొక్కండి. రన్‌కమాండ్ మెనూ వస్తుంది, ఆ ఒక్క గేముకే వీడియో మోడ్ ఎంచుకోవచ్చు. ఏ గేముకి ఏ ఎమ్యులేటర్ అన్నది కూడా అక్కడే.

ఎమ్యులేటర్ మార్పు గురించి అడిగారు. పై 4 మీద బీటిల్ అనే ఎమ్యులేటర్ జోలికి పోకండి. అది ఖచ్చితత్వం కోసం కట్టింది, ఈ బోర్డు మోయలేదు. పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్ ఇలాంటి ఆర్మ్ ప్రాసెసర్ల కోసమే చేసింది. ఏదో ఒక గేములో బొమ్మ తేడాగా వస్తే ఆ ఒక్కదానికి స్వాన్‌స్టేషన్ అనే మరో ఎమ్యులేటర్ పెట్టి చూడండి. అప్పుడు 5500 (జపాన్), 5501 (అమెరికా), 5502 (యూరప్) మూడు బయోస్‌లూ ఉంచుకోండి, అది డిస్క్ ప్రాంతాన్ని బట్టి వెతుకుతుంది.

ఓల్ట్‌మీటర్ గారు చెప్పినవాటికి ఒకటి కలుపుతా. రెట్రోఆర్చ్ మెనూలో మార్చినవి గేమ్ మూసేస్తే పోతాయి, రెట్రోపైలో డిఫాల్ట్‌గా అలాగే ఉంటుంది. కాన్ఫిగరేషన్ ఫైల్ మెనూలో సేవ్ కరెంట్ కాన్ఫిగరేషన్ కొట్టాలి. లేదా పీఎస్ఎక్స్ ఫోల్డర్లోని రెట్రోఆర్చ్ కాన్ఫిగ్ ఫైల్‌లో చేత్తో రాయాలి. అందులో ఇన్‌క్లూడ్ అని ఒక వరస ఉంటుంది, మీరు రాసేది దానికి పైన ఉండాలి. కింద రాస్తే ఎవరూ పట్టించుకోరు. పెట్టిన సెట్టింగ్ ఎందుకు పనిచేయట్లేదని జుట్టు పీక్కునేది ఎక్కువగా ఈ ఒక్క వరస వల్లే.

---

స్లాట్‌వన్:

4, 5 నేను చెబుతా.

పీఎస్ 1 మెమరీ కార్డు 128 కేబీ, అందులో ఆటకి 15 బ్లాకులు. రెట్రోఆర్చ్ దీన్ని గేమ్ పేరుతో ఎస్‌ఆర్‌ఎం ఫైల్‌గా గేమ్ పక్కనే పెడుతుంది. చిక్కేమిటంటే గేములో మీరు సేవ్ కొట్టినప్పుడు అది ర్యామ్‌లోని నకలులో పడుతుంది. గేమ్ నుంచి బయటికి వచ్చినప్పుడే ఎస్‌డీ కార్డు మీదికి రాస్తుంది. గోడ స్విచ్ ఆపితే ర్యామ్‌తో పాటే సేవ్ కూడా పోతుంది. కరెంటు పోయినా అంతే. సెట్టింగ్స్, సేవింగ్, సేవ్‌ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్ 10 సెకన్లు పెట్టండి (పైన చెప్పినట్టు కాన్ఫిగరేషన్ సేవ్ చేయడం మరవకండి). అయినా సెలెక్ట్, స్టార్ట్ కలిపి నొక్కి గేమ్ మూసి, స్టార్ట్ మెనూలో క్విట్, షట్‌డౌన్ కొట్టి, ఆకుపచ్చ లైటు మిణుకుమనడం ఆగాకే స్విచ్ ఆపాలి. లేకపోతే ఏదో రోజు ఎస్‌డీ కార్డులో ఫైల్ సిస్టమే పాడవుతుంది.

సేవ్ స్టేట్ (సెలెక్ట్‌తో కుడి భుజం బటన్) సౌకర్యమే. కానీ అది ఆ ఎమ్యులేటర్ ఆ క్షణపు స్థితి. ఎమ్యులేటర్ మారిస్తే తెరుచుకోదు, అప్‌డేట్ తర్వాత కూడా నమ్మకం లేదు. రోజుల తరబడి ఆడే గేముల్లో మెమరీ కార్డు సేవే అసలుది.

డిస్కులు మార్చడానికి ఒక ఎం3యూ ఫైల్ చేసుకోండి. నోట్‌ప్యాడ్‌లో ఒక్కో వరసలో ఒక్కో డిస్క్ ఫైల్ పేరు, ఫైనల్ ఫాంటసీ 7 అయితే మూడు వరసలు, అంతే. సేవ్ చేసేటప్పుడు ఆల్ ఫైల్స్ ఎంచుకోకపోతే పేరు చివర టీఎక్స్‌టీ అతుక్కుంటుంది, విండోస్ దాన్ని దాచేస్తుంది, మీకు కనబడదు. గేమ్‌ని ఎప్పుడూ ఈ ఎం3యూ నుంచే మొదలుపెట్టండి. డిస్క్ మార్చమన్నప్పుడు సెలెక్ట్‌తో ఎక్స్ నొక్కి క్విక్ మెనూలో డిస్క్ కంట్రోల్, ఎజెక్ట్, డిస్క్ నంబర్ మార్చడం, ఇన్సర్ట్. మూడూ ఇదే వరసలో.

ఇప్పటికే మొదటి డిస్క్ క్యూ నుంచి ఆడి ఉంటే మీ ఎస్‌ఆర్‌ఎం ఆ పేరుతో ఉంటుంది. ఎం3యూ నుంచి తెరిస్తే కొత్త ఖాళీ కార్డు కనిపిస్తుంది, కంగారు పడకండి. పాత ఎస్‌ఆర్‌ఎం పేరుని ఎం3యూ పేరుతో మార్చితే సేవ్‌లు తిరిగి వస్తాయి. డిస్కుల్ని విడివిడిగా తెరిచేవాళ్లకి రెండో డిస్కులో సేవ్ కనబడకపోవడానికీ ఇదే కారణం.

---

పాతడిస్కులు:

అందరికీ ధన్యవాదాలు. గేమ్ ఆపిన వెంటనే చూస్తే 50005 వచ్చింది. 3 ఆంపియర్ల అడాప్టర్ పెట్టి, మోడ్ 16 చేశాక చిటపటలు లేవు, వేగం సరిపోయింది. ఐఎస్ఓ గేములు రెండూ ఇమ్‌గ్‌బర్న్‌తో మళ్లీ తీస్తే ఆడుతున్నాయి. రేసింగ్ గేమ్ క్యూలో మాత్రం ఆడియో ట్రాక్‌లున్నాయి, పేర్లూ కలుస్తున్నాయి, అయినా పాట లేదు. ఇంకొకటి, ఏప్ ఎస్కేప్‌లో స్టిక్‌లు అసలు పనిచేయట్లేదు, మిగతా గేముల్లో ప్యాడ్ బాగుంది.

---

క్యూషీట్:

మెనూలో ఆ గేమ్ రెండుసార్లు కనిపిస్తోందేమో చూడండి. ముందు తీసిన ఐఎస్ఓ అదే పేరుతో ఫోల్డర్లో ఉండిపోయి, మీరు దాన్నే తెరుస్తూ ఉండొచ్చు. ఐఎస్ఓ తీసేసి ఎమ్యులేషన్‌స్టేషన్‌ని (గేముల జాబితా చూపే మెనూ) రీస్టార్ట్ చేయండి. ఒక్కటే కనిపిస్తుంటే, గేమ్ లోపలి ఆప్షన్స్‌లో మ్యూజిక్ వాల్యూమ్ సున్నా దగ్గర ఉందేమో కూడా. నవ్వకండి, అది మెమరీ కార్డులో సేవ్ అయి వెంట వస్తూనే ఉంటుంది.

---

స్లాట్‌వన్:

ఏప్ ఎస్కేప్ డ్యూయల్‌షాక్ (రెండు స్టిక్‌లున్న ప్యాడ్) లేకుండా ఆడే గేమ్ కాదు. ఎమ్యులేటర్ మొదట స్టిక్‌లు లేని పాత ప్యాడ్‌నే చూపిస్తోంది. క్విక్ మెనూ, కంట్రోల్స్, పోర్ట్ 1, డివైస్ టైప్ దగ్గర డ్యూయల్‌షాక్ పెట్టండి. దాన్ని ఆ ఒక్క గేముకే రీమ్యాప్ ఫైల్‌గా సేవ్ చేయండి. అన్నిటికీ కలిపి పెట్టొద్దు, డ్యూయల్‌షాక్ రాకముందు వచ్చిన గేములు కొన్ని దాన్ని గుర్తుపట్టక బటన్లు కూడా తీసుకోవు.